ఏడు కాళ్ళది

గుడివాడలో బందరు బస్సెక్కిన కుసుమకి కిటికీ పక్క సీటే దొరికింది. అయినా బయటికి ఒక్కసారి చూస్తే ఒట్టు. ఒళ్ళో ఫోను పెట్టుకుని, అందులో ఒకే ఒక్క ఫొటోని కళ్ళు చికిలించి చూస్తున్న ఆమెని పోయినవారం మనం అక్కడే వదిలేశాం. ఇప్పుడు బస్సు గుడ్లవల్లేరు దాటింది. ఆమె ఇంకా ఆ ఫొటోనే చూస్తోంది.

ఫొటోలో ఉన్నది పెసరగింజంత సాలీడు పిల్ల. వేలెడంత ప్లాస్టిక్ గొట్టంలో, తడిమట్టి మీద ముడుచుకుని కూర్చుంది. పెద్దది చేసి చూస్తే కాళ్ళు లెక్కపెట్టొచ్చు. కుసుమ పదిసార్లు లెక్కపెట్టింది. పదిసార్లూ ఏడే వచ్చాయి.

మధ్యలో ఈ కథ అందుకున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. పెడనలో కలంకారీ అద్దకాల షెడ్డు నడిపే హరిబాబు భార్య మన కుసుమ. టేకుచెక్క మీద అచ్చులు చెక్కడంలో ఆమె చేతికి ఆ చుట్టుపక్కల మంచి పేరుంది. హరిబాబు ఆమెకి సొంత మేనత్త కొడుకు. ఆమె ఉయ్యాల్లో ఉన్నప్పుడే మేనత్త మహాలక్ష్మమ్మ "ఇది నా కోడలు" అని ఊరంతా చాటేసింది. చదువు ఎంతవరకన్నది నాన్న తేల్చాడు. ఏ డిజైను చెక్కాలో కొనేవాళ్ళు తేలుస్తారు. ఆఖరికి వంకాయకూరలో కారం ఎంతన్నది కూడా అత్త నాలుకే తేలుస్తుంది. అలాంటి మనిషి ముప్పై రెండో ఏట ఉన్నట్టుండి "నాకు టరాంటులా కావాలి" అంది.

అవును, అదే. అరచెయ్యంత పెరిగే బొచ్చు సాలీడు. "కుక్కపిల్లని తెచ్చుకోవే, చిలకని తెచ్చుకోవే, ఇదేం పోయేకాలమే తల్లీ!" అని మహాలక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది. కుసుమ వినలేదు. గుడివాడలో సైన్సు మాస్టారు ప్రేమ్ కుమార్ గారింటికి అద్దకం దుప్పట్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు గాజుపెట్టెలో దాన్ని చూసింది. గంటసేపు ఉన్నచోటు నుంచి కదల్లేదు అది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంట్లో అలాంటి ప్రాణి ఒక్కటుంటే ఎంత బావుంటుందో అనిపించింది ఆమెకి.

ఎంచుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. "మొదటిసారి పెంచేవాళ్ళు అందం చూడకూడదమ్మా, దాని బుద్ధి చూడాలి" అనేవారు మాస్టారు. నెమ్మదిగా నడిచే జాతై ఉండాలి. విషం తక్కువుండాలి. పెంచేవాళ్ళ దగ్గర పుట్టిందై ఉండాలి, బయట కలుగులోంచి పట్టుకొచ్చింది కానే కాకూడదు. చిలీ దేశపు గులాబీరంగుది బావుంది గానీ నెలల తరబడి తిండి మానేస్తుందట, కొత్తవాళ్ళకి గుండె జారిపోతుందట. మెక్సికోది, ఎర్రమోకాళ్ళది, అద్దకం వేసినట్టే ఉంటుంది. కుసుమ మనసు దాని మీదే పడింది. కానీ చిరాకొస్తే అది వెనక్కాళ్ళతో ఒంటిమీది నూగు దులుపుతుందనీ, కళ్ళల్లో పడితే ప్రమాదమనీ విని వెనక్కి తగ్గింది. చివరికి గిరజాల జుట్టు జాతి దగ్గర ఆగింది. నూగు దానికీ ఉంది గానీ చీటికీమాటికీ దులపదు. గోధుమరంగు, బొద్దు ఒళ్ళు, వల్లమాలిన బద్ధకం. ఇంటికి రాకముందే దానికి ముద్దపప్పు అని పేరు కూడా పెట్టేసుకుంది.

ఆ సాలీడు పిల్లని గుడివాడ మాస్టారి దగ్గర్నుంచి తెచ్చింది హరిబాబు. అప్పుడు కుసుమ పదిరోజులు విశాఖలో చేనేత ఎగ్జిబిషన్లో ఉంది. ఇంటికొచ్చేసరికి గొట్టంలో ఎనిమిది కాళ్ళతో నిక్షేపంలా ఉందది. ఆ రోజు నుంచి పద్నాలుగు నెలలు కంటికి రెప్పలా చూసుకుంది. మొన్న అది కుబుసం విడిచింది. ఆడో మగో చూద్దామని కుబుసాన్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, అచ్చుల గీతలు చూసుకునే భూతద్దం కింద పరిచింది. గిరజాల జాతికి పొట్ట మీద దులుపుకునే నూగు ఉండి తీరాలి. దీనికి ఒక్క పోగు లేదు. పుల్లతో తాకితే బుస్సుమంది. గిరజాల జాతి బుసకొట్టదు.

అంతే, ఇవాళ పొద్దున్నే గుడివాడ వెళ్ళి, మాస్టారి భార్య హేమ గారు కాఫీ తెచ్చిస్తుంటే కప్పు కూడా అందుకోకుండా, ఆవిడ ఎదుటే మాస్టారిని కడిగేసింది. "మిమ్మల్ని దేవుడిలా నమ్మాను మాస్టారూ! ఇంత మోసం చేస్తారా?" అంది. ప్రేమ్ కుమార్ గారు ఎదురు చెప్పలేదు. తన ఫోన్లో పాత ఫొటో ఒకటి వెతికి, ఆమె ఫోనుకి పంపించారు.

"నేను హరిబాబు గారి చేతికిచ్చింది ఇదమ్మా. దీనికి ఎడమపక్క ఒక కాలు లేదు, కుబుసం విడుస్తుంటే ఊడిపోయింది. రెండుమూడు కుబుసాలకి మళ్ళీ వచ్చేస్తుంది, మీ ఆవిడకి చెప్పండి, కంగారు పడుతుంది అని కూడా అన్నాను. చెప్పలేదా?"

చెప్పలేదు.

*

పెడనలో దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర. షెడ్డు బయట రాగి డేగిసాలో గుడ్డలు ఉడుకుతున్నాయి. లోపల రత్నం ఒక్కతే బల్ల దగ్గర నిలబడి అంచు అద్దుతోంది. ఇరవయ్యేళ్ళుగా ఆ షెడ్డులోనే అద్దకం పని చేస్తున్న మనిషి, కుసుమకి పిన్ని వరస.

"వచ్చావా అమ్మాయ్. మొహం అట్లా పీక్కుపోయిందేంటే? అన్నం తిన్నావా?"

"తింటాను పిన్నీ. బావేడి?"

"నీ గదిలోనే. పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు."

కుసుమ అచ్చులు చెక్కుకునే గది షెడ్డుకి ఆనుకునే ఉంటుంది. హరిబాబు అక్కడ ముక్కాలిపీట మీద కూర్చుని, ఎందుకో తనకే తెలియకుండా ఒక ఉలిని గుడ్డతో తుడుస్తున్నాడు. భార్యని చూడగానే లేచాడు.

"ఏమన్నాడు మాస్టారు? ఒప్పుకున్నాడా?"

దారిపొడవునా ఏం అడగాలో వందరకాలుగా అనుకుంటూ వచ్చింది కుసుమ. తీరా నోట్లోంచి వచ్చింది మాత్రం వాటిలో ఏదీ కాదు.

"ఒప్పుకున్నారు" అంది.

"ఒప్పుకున్నాడా!"

ఆ గొంతులో సంతోషం ఏ కోశానా లేదు. నోరెళ్ళబెట్టాడు. చెయ్యని తప్పుని ఆ మనిషి ఎందుకు నెత్తినేసుకున్నాడో అర్థంకాని నోరు అది. కుసుమకి గుడివాడలో దొరకని జవాబు అక్కడే దొరికింది. అప్పటిదాకా మనసు మూలలో చిన్న ఆశ ఉండేది పాపం. మాస్టారే అబద్ధం చెప్పుంటారు, బావ అలాంటివాడు కాదు అని బస్సులో తనకి తానే నచ్చజెప్పుకుంటూ వచ్చింది. ఆ ఆశ కాస్తా పోయింది.

"దానికి కాళ్ళెన్ని బావా?"

"ఇదేం ప్రశ్న? ఎనిమిది."

"మాస్టారు నీ చేతికిచ్చినదానికి?"

కుసుమ ఫోను అతని కళ్ళముందు పెట్టింది. అతను ఫొటో వంక ఒక్కక్షణం చూసి, ఉలి కింద పెట్టి, మళ్ళీ పీట మీద కూలబడ్డాడు.

"చెప్పు. ఇప్పుడైనా నీ నోటితో చెప్పు."

"చచ్చిపోయింది కుసుమా" అన్నాడు. "తెచ్చిన మూడోరోజే."

"ఎలా?"

"నువ్వప్పుడే చెక్కి వెళ్ళావు చూడు, మామిడిపిందె అచ్చు. దాన్ని నల్లరంగులో ముంచి అద్ది చూశాను. మొదటి అద్దకమే ఎంత బాగా దిగిందనుకున్నావు! అందులోంచి గోరంత ముక్క కత్తిరించి, దానికి పరుపులా గొట్టంలో పరిచాను. నువ్వొచ్చి చూసి నవ్వుతావని."

కుసుమ కళ్ళు మూసుకుంది. తక్కినది అతను చెప్పక్కర్లేదు. వాళ్ళ షెడ్డులో నల్లరంగంటే పాత ఇనుపముక్కలూ బెల్లమూ కుండలో వేసి వారాల తరబడి ఊరబెట్టింది. ఉడికించి, ఏట్లో ఉతికిన గుడ్డకైతే ఆ తీపి ఉండదు. ఉతకని పచ్చి అద్దకాన్ని రాత్రి బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి చీమలు బారులు కడతాయని అక్కడ అందరికీ తెలుసు. విశాఖ వెళ్ళేముందు గొట్టం సిద్ధం చేసి, ఊపిరాడటానికి దాని మూతకి సూదితో చిల్లులు పెట్టింది కూడా కుసుమే.

"చీమలా?"

"గొట్టం నిండా. నాకు తోచనే లేదే! పుట్టిందగ్గర్నుంచీ ఆ రంగులోనే పెరిగాను, ఆ ఒక్కరోజు తోచలేదు."

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి దొంగనీళ్ళు కావని కుసుమకి తెలుసు. ఆ క్షణాన అతని మీద జాలే వేసింది.

"అది పొరపాటు బావా. ఆ రోజే ఫోన్ చేసుంటే విశాఖలోనే కూర్చుని ఏడ్చేదాన్ని. నిన్ను నాలుగు తిట్టేదాన్ని. తర్వాత నేనే నిన్ను ఊరుకోబెట్టేదాన్ని."

"నువ్వు ఏడుస్తావనే కదే చెప్పలేదు!"

"ఏడవనివ్వాల్సింది!"

ఆ అరుపుకి పక్కన షెడ్డులో అచ్చు చప్పుడు ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలైంది. కుసుమ గొంతు తగ్గించింది.

"మరి ఇదెక్కడిది?"

కిటికీ పక్క బల్ల మీదున్న గాజుపెట్టె వైపు చూపిస్తూ అడిగింది. పెట్టెలో ఒక మూలంతా తెల్లగా, దళసరిగా గూడు అల్లుకుని, దాని నోటి దగ్గర రెండు కాళ్ళు మాత్రం బయటికి పెట్టి కూర్చుంది ఆమె ముద్దపప్పు.

"నాగాయలంక ధనరాజు లేడూ, నాతో ఐటీఐలో చదివినవాడు. రొయ్యల చెరువుకి ప్రొక్లెయిన్‌తో తవ్విస్తుంటే గట్టుకింద కలుగులో ఇట్లాంటి తల్లీ పిల్లలూ బయటపడ్డాయని అదే వారం వాట్సాప్‌లో వీడియో పెట్టాడు. పిల్లలన్నీ ఒక్కలాగే కనబడ్డాయి. ఆ రోజే బైకేసుకుని దివిసీమ వెళ్ళాను."

"కలుగులోంచి పట్టింది" అంది కుసుమ. ఆర్నెల్లు ఆమె నేర్చుకున్న పాఠంలో మొట్టమొదటి వద్దు అదే. "విషం సంగతి తెలుసా నీకు?"

"మొదట్లో తెలీదు. అమ్మ తోడు."

"ఎప్పుడు తెలిసింది?"

"రెండు నెలలకి. చెరువు మీద పనిచేసే అతన్ని ఇంకోటి కరిచిందట. చెయ్యి మూడువారాలు కొయ్యబారిపోయిందని ధనరాజు చెప్పాడు. అన్నం కూడా వాళ్ళావిడే కలిపి పెట్టిందట."

రెండు నెలలకి. కుసుమ మనసులో లెక్క సరిపోయింది. సరిగ్గా అప్పుడే ఆమె పుట్టినరోజు వచ్చింది. అప్పుడే హరిబాబు ఆమెకి మూరెడు పొడుగు స్టీలు పటకారూ, దళసరి తోలు గ్లౌజులూ కొనుక్కొచ్చాడు. "ఒట్టి చెయ్యి పెట్టకు బుజ్జీ, నా మాట విను" అని బతిమాలాడు. ఎంత మురిసిపోయిందో ఆ రోజు! మొగుడు చీర తెస్తే అందరూ చెప్పుకుంటారు, నా మొగుడు సాలీడుకి పటకారు తెచ్చాడని వీధి వీధంతా చెప్పుకుంది. ముద్దపప్పుకి అవెందుకని నవ్వి, వాటిని మేకుకి తగిలించి, ఒట్టి వేళ్ళతోనే, అది తాగడానికి సీసామూతలో పెట్టే నీళ్ళు, ఆ నీళ్ళమూత, మారుస్తూ వచ్చింది. ఆమె చెయ్యి పెట్టిన ప్రతిసారీ అతను గుమ్మం దగ్గర నిలబడి చూసేవాడు. అదంతా ప్రేమ అనుకుంది పిచ్చిది. అతను భయంతో వణుకుతూ నిలబడ్డాడని ఇప్పుడు తెలిసింది.

"ఈ చేత్తో కదా బావా మనిద్దరం బతుకుతున్నాం" అంది కుడిచెయ్యి ఎత్తి చూపిస్తూ. "ఇది కొయ్యబారిపోతే ఈ షెడ్డులో కొత్త అచ్చు పుడుతుందా? అది తెలిసీ ఏడాదిపాటు రోజూ ఆ పెట్టెలో పెట్టనిచ్చావా?"

"చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో! రోజు గడిచేకొద్దీ నోరు పెగల్లేదే."

"పొద్దున్న బాగానే పెగిలిందిగా? బైకు మీద నన్ను బస్టాండులో దింపి ఏమన్నావు? 'మెత్తగా మాట్లాడకు, గట్టిగా అడుగు, మాస్టారైతే ఏంటి' అన్నావు. అన్నావా లేదా?"

హరిబాబు తల దించుకున్నాడు.

"ఆ పెద్దమనిషి ఇంట్లో నిలబడి, ఆయన పెళ్ళాం ముందు, మోసగాడివని తిట్టాను. హేమ గారు కాఫీ కప్పు పట్టుకుని అలా నిలబడిపోయింది. ఆయన ఒక్కమాట అనలేదు బావా. వస్తుంటే వీధిచివరిదాకా వచ్చి, 'ఇంటికెళ్ళి కోపంలో ఏమీ అనకమ్మా, ఆయనకేదో కారణం ఉండుంటుంది' అని నీ తరఫున చెప్పి పంపాడు. నువ్వు ఆయన్ని నా చేత తిట్టించావు."

కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుపు ఆగింది గానీ మాట ఆగలేదు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమె అంతసేపు ఏకబిగిన మాట్లాడింది అదే మొదటిసారి.

"నిన్ను కూడా నేను ఎంచుకోలేదు, అత్త ఎంచుకుంది. దానికి ఏనాడూ బాధపడలేదు, నువ్వు మంచోడివని. ఈ పుట్టుకలో నా అంతట నేను ఎంచుకున్నది అదొక్కటే. ఆర్నెల్లు చదివాను, అడిగాను, నచ్చినదాన్ని వదులుకుని పనికొచ్చేదాన్ని ఎంచుకున్నాను. దాన్నీ నువ్వు మార్చేశావు. మార్చి, ఇదే నీదని చెప్పి, నేను ముద్దు చేసుకుంటుంటే చూస్తూ కూర్చున్నావు. నేను ఎంచుకున్నదాన్ని నేను ఒక్కసారైనా చూడలేదు బావా. ఇదిగో, ఈ ఫొటోలో చూశాను, ఇవాళ."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు చెప్పు. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

కుసుమ గాజుపెట్టె దగ్గరికి వెళ్ళి మూత పక్కకి జరిపింది.

"కాళ్ళొద్దు. చెయ్యి పెట్టు. అదిగో, ఆ నీళ్ళమూత తియ్యి. రోజూ నేను తీసేదే."

హరిబాబు లేచాడు. పెట్టె దాకా వచ్చాడు. కుడిచెయ్యి అంచు మీద పెట్టాడు. వేళ్ళు ఇంకా లోపలికి దిగనే లేదు, గూట్లోంచి అది ఒక్క ఉదుటున బయటికి దూకి, ముందుకాళ్ళు రెండూ పైకెత్తి బుస్సుమంది. హరిబాబు చెయ్యి లాగేసుకున్నాడు. లాక్కుని, చిన్నపిల్లాడిలా రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుసుమ మూత జరిపి, గొళ్ళెం పెట్టింది. ఇక తిట్టడానికి కూడా ఆమెకి మనసు రాలేదు. మా నాన్న దగ్గరికి వెళ్ళిపోతున్నాను అనబోయింది.

"కుసుమా" అన్నాడు హరిబాబు. "ఇంకోటుంది. అదీ చెప్పేస్తాను. చెప్పకపోతే నేను మనిషిని కాను."

"ఇంకేం మిగిలింది?"

"ధనరాజు దగ్గర్నుంచి ఒక్కటి తేలేదు. రెండు తెచ్చాను. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. రెండోదాన్ని నీకు కనబడకుండా అచ్చుల గదిలో, అడుగు అరలో పాత అచ్చుల వెనక పెట్టాను. వారం తర్వాత వెళ్ళి చూస్తే మూత ఊడిపోయుంది, గొట్టం ఖాళీ. ఎంత వెతికినా దొరకలేదు. చీమల పాలైందిలే అనుకున్నాను."

అచ్చుల గదంటే షెడ్డు వెనక చీకటి కొట్టు. మూడు తరాల అచ్చులు అక్కడే ఉన్నాయి. బొద్దింకలకి కొదవలేదు, చెమ్మకి కొదవలేదు. అలాంటిచోట పద్నాలుగు నెలల్లో అది ఎంతైవుంటుందో చెప్పడానికి ఆమెకి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

పక్కన షెడ్డులో అచ్చు చప్పుడు ఆగిపోయి ఎంతసేపైందో ఇద్దరూ గమనించలేదు. వెనకవైపు నుంచి రత్నం గొంతు వినబడింది.

"అమ్మాయ్ కుసుమా! పాత కాడమల్లె అచ్చు అడుగు అరలోనేగా పెట్టావు? ఏంటే ఇది, తెల్లగా దూది కూరినట్టు పేరుకుపోయింది! చెయ్యి పెట్టి లాగేస్తున్నా!"

కుసుమ భర్త వైపు చూసింది. హరిబాబు నోరు తెరిచాడు. ఈసారి కూడా మాట రాలేదు.

"పిన్నీ! చెయ్యి పెట్టకు!" అని అరుస్తూ కుసుమ గడప దాటి పరుగెత్తింది. అచ్చుల గదిలోంచి రత్నం జవాబు రాలేదు. బరువైన టేకు అచ్చులు ఒకదాని మీద ఒకటి దబదబా నేల మీద పడ్డ చప్పుడు మాత్రం వచ్చింది.